బర్రెకొక పేజీ: మా తబేలా ఇల్లు మారిన వైనం

ఇంటర్నెట్‌లో చర్చావేదిక నడపడం ఏం ఉద్యోగమని కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు. పదిమంది మాట్లాడుకునే వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడే ఉద్యోగమని చెబుతాను. నమ్మరు. వాళ్లను ఎవరో ‘కమ్యూనిటీ మేనేజర్’ అని పేరు పెట్టి పంపి ఉంటారు. నాకు అలాంటి పేరు ఎవరూ పెట్టలేదు. మా సేఠ్ నన్ను చివరిదాకా ‘కంప్యూటర్ యాద్గిరి’ అనే పిలిచాడు. గోదాములో ఇంకో యాదగిరి ఉండేవాడు, అతను ‘తవుడు యాద్గిరి’. ఇద్దరిలో అతనికే గౌరవం ఎక్కువ.

ప్రమోషన్ల గురించి రాయను. రాలేదు కాబట్టి రాయడానికేమీ లేదు. యాభై దాటాక వెన్ను మొరాయిస్తే పని చాలించాను. ఇక్కడ రాసేదంతా ఒకే ఒక్క పని గురించి: మా వేదిక పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎంచుకోవడం. ఇరవై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో నాకు ఏమన్నా తెలిసిందంటే ఆ కొన్ని నెలల్లో తెలిసిందే. ముందే ఒక మాట. నేను పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పాడి చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. నీళ్లు కలపడం మా వంశంలో ఉంది. ఈ కథలోనూ అక్కడక్కడా చెంబెడు పడి ఉండొచ్చు. పాలు మాత్రం మావే.

మిరపకాయల పక్కన సర్వర్

బేగంబజార్‌లో పశువుల దాణా టోకున అమ్మే సేఠ్ దగ్గర చేరాను. కింద దుకాణం, పైన రెండు గదులు, పక్కన ఎండుమిరపకాయల గోదాము. దాణాకు ప్రచారంగా ఉంటుందని సేఠ్ ఒక వెబ్‌సైటు పెట్టించాడు. అందులో ఒక మూల ‘మీ ప్రశ్నలు అడగండి’ అని చిన్న తలుపు ఉండేది. ఆ తలుపులోంచి పాతబస్తీ పాడివాళ్లంతా లోపలికి వచ్చారు. వాళ్ల వెనక వాళ్ల చుట్టాలు, జనగామ నుంచి, నల్గొండ నుంచి, సిద్దిపేట నుంచి. దాణా గురించి ఒక్కరూ అడగలేదు. బర్రె మేత ముట్టడం లేదు, దూడ పారుకుంటోంది, పొదుగు రాయిలా గట్టిపడింది, ఇవే ప్రశ్నలు. ఒకరు అడిగితే పదిమంది చెప్పేవారు, ఆ పదిమంది మాటలు తప్పని ఇంకో పదిమంది చెప్పేవారు. మా వైపు పశువుల కొట్టాన్ని తబేలా అంటాం. వేదిక పేరు కూడా అదే అయి కూర్చుంది.

మొదట్లో సర్వర్ మా పై గదిలోనే ఉండేది. మిరప ఘాటుకు అది తుమ్మేది. నవ్వకండి. పక్కన బస్తాలు దింపిన రోజు దాని ఫ్యాన్ గుర్రుమని రెండు మూడు సార్లు అదిరి ఆగిపోయేది. వేదిక తెరుచుకోకపోతే సభ్యులు కరెంటు పోయిందా అని అడిగేవారు కాదు, మిర్చి లారీ వచ్చిందా అని నాకు ఫోన్ చేసి అడిగేవారు. తర్వాత తుమ్ములు పడలేక సర్వర్లు అద్దెకిచ్చే ఒక కంపెనీకి మారాం.

సేఠ్ గురించి నిజం చెప్పాలి. కంప్యూటర్ ముందు ఆయన ఎన్నడూ కూర్చోలేదు. మా దాణాలో ఇసుక వస్తోందని ఒకాయన వేదికలో రాస్తే, తీసెయ్యమంటారా అని అడగడానికి కిందికి వెళ్లాను. ఆయన తక్కెడ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: “ఉండనియ్యి. కంప్లైంటు జేసేటోడు మల్లొస్తడు. ఊకున్నోడు పక్క దుకాణానికి పోతడు.” ఆ తర్వాత ఆ బస్తాలు విప్పించి జల్లెడ పట్టించాడు. ఇసుక వచ్చింది. ఇలాంటి బాస్ దొరికితే జీతం సంగతి తర్వాత చూసుకోండి.

పలుపు ఇవ్వం, పేజీ ఇస్తాం

వేరే వేదికల్లో విషయానికో పేజీ ఉంటుంది. మా తబేలాలో బర్రెకొక పేజీ. కొన్న రోజున పేజీ తెరుస్తారు: ఎక్కడ కొన్నారు, కొమ్ములెలా ఉన్నాయి, ఎన్నో ఈత. ఆ తర్వాత దానికి జరిగినవన్నీ ఆ పేజీ కిందే చేరతాయి. ఈనింది, ఎదకొచ్చింది, బరాత్ బ్యాండుకు బెదిరి తాడు తెంపుకుని ఎవరింట్లోనో పెళ్లి లడ్డూలు తినేసింది. ఈ పద్ధతి నేను పెట్టలేదు, ఎవరు పెట్టారో కూడా తెలియదు. నేను చూసేసరికే అలా ఉంది.

ఒకరోజు పొద్దున్నే హుస్సేనీ ఆలం నుంచి ఒకాయన తన బర్రె కడుపు ఉబ్బి పడిపోయిందని రాశాడు. జవాబులు వస్తుంటే ఒక్కోటి గట్టిగా పైకి చదివాడట. నాలుగో జవాబు అయ్యేసరికి బర్రె దానంతటదే లేచి నిలబడింది. ఐదో జవాబులో గొట్టం పెట్టి నూనె తాగించమని ఉంది, అది వినడం దానికి ఇష్టం లేకపోయింది. ఇందులో ఎన్ని చెంబులు కలిపానో మీరే తేల్చుకోండి.

అసలు సంగతి అమ్మకాల్లో ఉంది. బర్రెను అమ్మేటప్పుడు మావాళ్లు పాత పలుపు ఇవ్వరు. కొన్నవాళ్లు కొత్త తాడు తెచ్చుకుని కట్టుకుపోవాలి. మెడలో ఉన్న తాడు ఇచ్చేస్తే ఇంటి పాడి దానితోపాటే పోతుందని నమ్మకం. పేజీ మాత్రం బర్రెతో వెళ్లాలి. అమ్మినవాళ్లు నాకు కబురు పెడితే నేను లోపలికెళ్లి పేజీ సొంతదారు పేరు మార్చేవాణ్ణి. కొన్న మనిషి అందులో మొదటి మాట రాస్తే అప్పగింత పూర్తయినట్టు. కొన్ని పేజీలు నాలుగైదు చేతులు మారాయి. ఒకరు దక్కనీ ఉర్దూ కలిపి రాస్తారు, ఒకరు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు, ఒకరికి చుక్క పెట్టడమే రాదు. మనుషులు మారుతుంటారు, పేజీలో బర్రె మాత్రం అదే.

మూడు సాఫ్ట్‌వేర్లు

ఒక ఎండాకాలం సర్వర్ కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ఎవరూ బాగుచేయడం లేదు, వానలు పడేలోగా మార్చుకోండి, తర్వాత దాన్ని మేము మొయ్యలేం అన్నారు. అప్పటికి సేఠ్ గల్లాపెట్టె దగ్గరికే పరిమితమయ్యాడు, పెత్తనం కూతురు నేహా మేడమ్‌ది. చురుకైన మనిషి. మొదటి రోజే ఆమె అడిగిన ప్రశ్న, ఫోన్‌లో ఒక గ్రూపు పెడితే సరిపోదా అంకుల్ అని. పొద్దున అడిగిన ప్రశ్న మధ్యాహ్నానికి శుభోదయం పూల కింద పడి ఊపిరాడక చచ్చిపోతుందని చెప్పాను. ఆమెకూ మేనత్తలున్నారు, వెంటనే అర్థమైంది.

వెతగ్గా మూడు మిగిలాయి. మొదటిది మేడమ్‌కు నచ్చింది. రంగులు, లైకులు, ఎక్కువ రాసినవాళ్లకు పతకాలు. కొన్నాళ్లు ఎవరూ రాయని పేజీకి అది తనే తాళం వేస్తుంది. ఒట్టిపోయిన బర్రె గురించి నెలల తరబడి ఎవరు రాస్తారు? అది మళ్లీ ఈనేసరికి పేజీకి తాళం పడి ఉంటుంది. రెండోది ఊరికే దొరికేది, ఎక్కడో దేశాంతరంలో చేసింది. తెరిస్తే విమానం నడిపే గదిలా వందల మీటలు. అది మేడమ్‌కు అందంగా లేదు, నాకు అర్థం కాలేదు. మూడోది నాకు నచ్చింది, ఎందుకంటే అచ్చం మా పాతదానిలాగే ఉంది. కానీ పాత ఫోటోలను అది మోసుకు రాలేదు. మా తబేలాలో సగం మాటలు గిట్టల ఫోటోల మీద, పొదుగుల ఫోటోల మీద, పేడ ఫోటోల మీద నడుస్తాయి. పేడ చూడకుండా పేడ గురించి మాట్లాడటం మాకు చేతకాదు.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ప్రతి మనిషీ ముందు తన సుఖం చూసుకుంటాడు, తర్వాత దానికి ‘సభ్యుల సౌకర్యం’ అని పేరు పెడతాడు. మేడమ్‌కు దుకాణానికి వచ్చే పెద్దమనుషులకు చూపించుకునే బొమ్మ కావాలి. నాకు కొత్తగా ఏమీ నేర్చుకోవాల్సిన పని లేనిది కావాలి. ఇద్దరం సభ్యుల పేరు చెప్పి వారం రోజులు వాదించుకున్నాం.

ఈలోగా అసలు చిక్కు బయటపడింది. పాత పేజీలను మూడింటిలోకీ ప్రయోగానికి ఎక్కించి చూస్తే, ప్రతిదానిలోనూ పేజీ మొట్టమొదట తెరిచినవాళ్ల పేరు మీదికే పోయింది. మధ్యలో నేను మార్చిన పేర్లను ఏదీ లెక్కచెయ్యలేదు. అమ్ముడుపోయిన బర్రెలన్నీ ఒక్కసారిగా తాళ్లు తెంపుకుని పాత ఇళ్లకు నడిచి వెళ్లిపోయినట్టయింది. పేజీ తెరిచినవాళ్లకే పైన ఉన్న వివరాలు దిద్దే హక్కు. ఎవరైనా అందులో ఏదైనా అడిగితే కబురు వెళ్లేదీ వాళ్లకే. పేరు మార్చే వీలుందా అని తయారుచేసినవాళ్లను అడిగాం. ఒక మనిషి రాసింది ఇంకో మనిషిది ఎలా అవుతుందని వాళ్లు తిరిగి అడిగారు. వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. వాళ్లు ఎన్నడూ బర్రెను అమ్మలేదు, అంతే.

సత్తెమ్మ పట్టు

సరిగ్గా అప్పుడే శాలిబండ నుంచి సత్తెమ్మక్క ఫోన్ చేసింది. భర్త పోయాక తబేలా ఒంటి చేత్తో నడిపిన మనిషి. మంద తగ్గుతూ తగ్గుతూ ఒక్క బర్రె దగ్గర ఆగింది. దాని పేరు బిజిలీ. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి, డాక్టరు ఆపరేషన్‌కు రోజు పెట్టాడు, ఆ తర్వాత గొంతుక్కూర్చుని పాలు పిండటం కుదరదన్నాడు. బిజిలీని కొంటానని మా హుస్సేనీ ఆలం నుంచే నర్సింగరావు ముందుకొచ్చాడు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరై ఇంట్లో కూర్చుంటే భార్య భరించలేక ఏదో ఒక పని చూసుకోమన్నదట. ఆయనకు పశువుల గురించి తెలిసింది రోడ్డు మీద అడ్డం వస్తే హారన్ కొట్టడం ఒక్కటే.

బిజిలీ మామూలు బర్రె కాదు. సత్తెమ్మ దగ్గరికి రాకముందు ఏడాది తిరక్కుండా మూడిళ్లు మారింది. తన్నుతుంది. ఒకాయన విసిగిపోయి ‘ఇది బర్రె కాదు, కరెంటు’ అని పేజీలో రాశాడు, దాంతో ఆ పేరొచ్చింది. ఆ ముగ్గురి గోడునూ సత్తెమ్మ పేజీలో ఒకటికి పదిసార్లు చదివింది. కుడిపక్క నుంచి వెళ్తే తన్నుతుందని ఒకరి ఏడుపులోంచి, గాజుల చప్పుడు పడదని ఇంకొకరి ఏడుపులోంచి ఏరుకుంది. గాజులు తీసి కొంగున కట్టుకుని, ఎడమపక్క కూర్చుని పిండింది. బిజిలీ నిలబడింది.

పేజీల సంగతి ఇంకా తేలలేదని, ముందు బర్రెను ఇచ్చెయ్యమని నేను ఆమెకు చెప్పి చూశాను.

“పేజీ పోకుంటే బర్రె పోదు తమ్మీ,” అన్నది. “ఆ డ్రైవర్ సాబ్ నెల దినాలు సూస్తడు. ఎటూ తోచకుంటే ఇంకోనికి అమ్ముతడు. వాడు ఇంకోనికి. గట్లనే మూడిండ్లల్ల దెబ్బలు తిని నా దగ్గరికొచ్చింది. దాని ఒంటి మీద మచ్చలు నేను సూసిన, నువ్వు సూడలే.”

ఆపరేషన్ ఉంది కదా అక్కా అన్నాను. కాళ్లు తనవే కాబట్టి వాటితో తను మాట్లాడుకుంటానని, నన్ను నా కంప్యూటర్‌తో మాట్లాడుకోమని ఫోన్ పెట్టేసింది. ఈ సంగతి చెప్పాక నేహా మేడమ్ పెద్దమనుషులకు చూపించుకునే బొమ్మ గురించి ఆ రోజు నుంచి మళ్లీ ఎత్తలేదు.

పదమూడేళ్లు నిండని సభ్యులు

మనిద్దరం కొట్టుకునే బదులు సభ్యులనే వాడి చూడనిద్దామని మేడమ్ అన్నది. ముందుగా ఆ విమానం గదిలాంటి రెండోదాన్ని ప్రయోగానికి తెరిచాం. ‘కొత్త తబేలా చూడండి, ఖాతా తెరవండి’ అని నోటీసు పెట్టాను. తెల్లారి దుకాణం షట్టరు లేవకముందే ఫోన్లు మొదలయ్యాయి.

మొదటి ఫోన్ మనవళ్లున్న ఒక పెద్దాయనది. లోపలికి రానివ్వడం లేదని ఫిర్యాదు. ఏమంటోందని అడిగాను.

“పదమూడేండ్లు నిండలేదంటుంది భాయ్. పదమూడేండ్లు నిండిన బర్రెను ఏం జేసుకుంటం?”

అప్పుడు అర్థమైంది. ఆ ఫారంలో మొదటి గడి పేరు, రెండోది పుట్టిన తేదీ. తబేలాలో ఎవరైనా పేరూ పుట్టిన తేదీ అడిగితే అది బర్రె గురించే. మావాళ్లంతా నిజాయితీగా లక్ష్మి, రాణి, సుల్తానా, కరీనా అని పేర్లు, ఐదేళ్లు, ఏడేళ్లు వచ్చేటట్టు తేదీలు నింపారు. పిల్లలకు ప్రవేశం లేదని సాఫ్ట్‌వేర్ అందరినీ వాకిట్లోనే ఆపేసింది. జనగామలో ఒకడు మాత్రం తన దున్నపోతుకు వయసు ఎక్కువ వేశాడు. దానికి ‘స్వాగతం సుల్తాన్! మీ గురించి నలుగురికీ చెప్పండి’ అని పలకరింపు కూడా వచ్చింది. ఖాళీ తబేలాలో ఆ దున్నపోతు ఒక్కటే నిలబడి ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఆ ఖాతాలన్నీ తుడిచేసి, మనుషుల పేర్లు రాయండ్రా అని మళ్లీ నోటీసు పెట్టడానికి కూర్చున్నాను. వెనక నిలబడి చూస్తున్న నేహా మేడమ్ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. ఉన్నట్టుండి నవ్వు ఆపి నా చెయ్యి మౌస్ మీంచి తీసేసింది.

“డిలీట్ చెయ్యకండి అంకుల్. పేజీ ఎవరు తెరిస్తే వాళ్లదే కదా, మూడింటిలోనూ? అయితే బర్రెనే తెరవనివ్వండి. ఓనర్ మారితే మారనీ. పాస్‌వర్డ్ ఇచ్చి పంపిస్తారు.”

నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను సొంతదారు పేరు మార్చుతూ వచ్చాను. మారనిదాని పేరు మీద పెట్టాలని నాకు తట్టలేదు, ఫారం నింపినవాళ్లకూ తట్టలేదు. వాళ్లు పొరపాటు చేశారు, మేడమ్ ఆ పొరపాటును చదివింది. ఈ వృత్తిలో సభ్యుల పొరపాట్లను తుడిచేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. చదివేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత ఎంపిక క్షణాల్లో అయిపోయింది. మేడమ్‌కు నచ్చినదానిలో ఖాతాకొక ఫోన్ నంబరు కావాలి. కొట్టం నిండా బర్రెలున్నవాడికి ఉండేది ఒక్క ఫోన్. దాన్ని ఆమే కొట్టేసింది. ఫోటోలు రాని నాదాన్ని నేను కొట్టేశాను, కాస్త ఆలస్యంగా. ఇద్దరికీ నచ్చని రెండోది మిగిలింది. వయసు అడగడం మానిపించే మీట ఆ వందల్లో ఎక్కడుందో వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. తాళాలు పడకుండా చేసే మీట దాని పక్కనే ఉంది.

సేఠ్‌కు చెప్పాలి కదా అని కిందికి దిగాం. బర్రెలను సభ్యులుగా చేర్చుకుంటున్నామని మేడమ్ చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

“ఇన్ని ఏండ్ల సంది మన మాల్ తినేటియి అవే గద బేటీ,” అన్నాడు. “మెంబర్లు జేసుడు మీకు గిప్పుడు యాదికొచ్చిందా?”

శాలిబండలో అప్పగింత

ప్రతి పేజీకీ బర్రె పేరున ఖాతా తెరిచి, పాత మాటలన్నీ దాని కిందికి చేర్చి, ఏ మాట ఎవరు రాశారో ముందు పేరు తగిలించి మార్చడం పెద్ద చాకిరీ. వేలు అరిగిపోయి వేలిముద్ర పడక రేషన్ దుకాణంలో నన్ను గుర్తుపట్టలేదు. అయినా బిజిలీ పేజీని అన్నిటికంటే ముందు పూర్తిచేశాను. సత్తెమ్మ ఆపరేషన్ దగ్గరకొస్తోంది.

అప్పగింతకు షేర్ ఆటోలో శాలిబండ వెళ్లాను. నర్సింగరావు కొత్త తాడు భుజాన వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. సత్తెమ్మ ముందు ఆయన ఫోన్‌లో పేజీ తెరిపించింది, మొదటి నుంచి చివరి దాకా వేలితో జరిపించింది. అన్నీ ఉన్నాయని చూసుకున్నాక పాస్‌వర్డ్‌ను ఆయన చెవిలో చెప్పింది. నేను వినకుండా అటు తిరగమన్నది. దాన్ని పెట్టింది నేనే అని చెప్పలేదు, అటు తిరిగాను.

ఆయన బర్రె దగ్గరికి కుడిపక్క నుంచి నడవబోయాడు.

“డ్రైవర్ సాబ్, దీనికి హారన్ లేదు, బ్రేక్ లేదు,” అన్నది సత్తెమ్మ. “ఎడమదిక్కు నుంచి రా.”

“ఇన్నేండ్లు పబ్లిక్‌ను మోసినోన్ని అక్కా. ఇదొక లెక్కనా?”

“పబ్లిక్ తన్నలే గద నిన్ను.”

“మస్తు సార్లు తన్నిండ్రు,” అన్నాడు ఆయన.

కొత్త తాడు కట్టాడు. సత్తెమ్మ పాత పలుపు విప్పి చుట్ట చుట్టి చంకన పెట్టుకుంది, బిజిలీ నుదుటి మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. గల్లీ మలుపు దాకా వస్తుందనుకున్నాను. రాలేదు. బిజిలీ శాలిబండ రోడ్డెక్కి, నడిమధ్య నిలబడి, అటొక బస్సునూ ఇటొక బస్సునూ ఆపేసింది. రెండు బస్సుల డ్రైవర్లూ నర్సింగరావును గుర్తుపట్టి కిందికి దిగి చేతులు కలిపారు. అలా చూస్తే అది ఊరేగింపులాగే ఉంది.

బిజిలీ మొదటి పోస్ట్

మూడో రోజున కొత్త తబేలాలో బిజిలీ పేరుతో పోస్ట్ వచ్చింది: “నేను వచ్చినప్పటి సంది సక్కగ పాలిస్తలేను. బకెట్ తంతున్న. డ్రైవర్ సాబ్ బేజారైండు. ఏం జెయ్యాలె?”

ఖాతా బర్రెది కాబట్టి బర్రెలాగే రాయాలి కాబోలని నర్సింగరావు అనుకున్నాడు. చదివినవాళ్లకూ అది సబబుగానే తోచింది. సిద్దిపేట నుంచి లక్ష్మి, తనకు గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగితే చాలని రాసింది. నల్గొండ రాణి, తన ముందు దాణా తొట్టి లేకపోతే తను చేపనని రాసింది. పాలు పొదుగులోకి దించడాన్ని మేము చేపడం అంటాం. అది బర్రె ఇష్టం, మనిషి బలవంతం పనిచెయ్యదు. అందరి సలహాలూ నర్సింగరావు చేసి చూశాడు. గాజుల చప్పుడు పడదని ఇంట్లో ఆడవాళ్లను కొట్టం వైపే రానివ్వలేదు. ఎడమపక్కనే కూర్చున్నాడు. చెంబెడుకు మించి దిగలేదు.

వారం గడిచాక మా గల్లీ చాయ్ హోటల్లో కనబడ్డాడు. మోచేతికి కట్టు ఉంది. బేరగాడు ఒకడు వచ్చి చూసి వెళ్లాడని, ఆదివారం మళ్లీ వస్తానన్నాడని నా మొహం చూడకుండా చెప్పాడు. భార్య కూడా ఇచ్చెయ్యమంటోందట.

ఆ సాయంత్రమే సత్తెమ్మ ఫోన్ చేసింది. ఆపరేషన్ అయి, రెండు కాళ్లకూ కట్లతో మంచం మీద ఉంది.

“నన్ను లోపలికి రానియ్యి తమ్మీ. అన్నీ సదువుతున్న, ఒక్క ముచ్చట రాయనిస్తలేదు.”

ఎందుకు రాయనివ్వదని అడగబోయి ఆగిపోయాను. ఆమెకు ఇప్పుడు బర్రె లేదు, బిజిలీ పాస్‌వర్డ్‌ను నర్సింగరావు కొన్న రోజే మార్చుకున్నాడు. మేం ఎంతో తెలివిగా ప్రతి బర్రెకూ ఒక తలుపు పెట్టాం, మనిషికి ఒక్కటీ పెట్టలేదు. వెంటనే ఆమెకు ఖాతా తెరవడానికి కూర్చున్నాను. ఆ ఫారంలో గడులన్నీ నింపితే గాని ముందుకు పోదు, ఆ గడులన్నీ బర్రెకు సరిపోయేటట్టు నేను మార్చినవే. అడగడానికి నోరు రాలేదు. ఏమున్నాయో చదవమని ఆమే గదమాయించింది.

“పేరు సత్తెమ్మ అని రాయి. కొమ్ములు లెవ్వు. ఉండుంటే మా ఆయన ఉన్నన్నొద్దులు మస్తు పనికొచ్చేటియి. రెండీతలు. పాలిస్తుందా అన్న కాడ ఒట్టిపోయింది అని రాయి. సిగ్గెందుకు, నిజమే గద.”

ఖాతా తెరుచుకుంది. కాసేపటికి ఆమె పోస్ట్ నా ఆమోదం కోసం వచ్చి ఆగింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో తిట్లను పట్టుకునే వలలాంటిది ఉంది. దానికి తెలుగు తిట్లు, దక్కనీ తిట్లు నేనే శ్రద్ధగా నేర్పాను. ఆ వలలో ఆమె మాటలు మొత్తం చిక్కుకున్నాయి. పోస్ట్ మొదటి సగం ఇది: “డ్రైవర్ సాబ్, నువ్వు దాన్ని అమ్మా, తల్లీ అని పిలుస్తున్నవని పేజీల సదివిన. గట్ల పిలిచేది సూది పొడిచే డాక్టర్ ఒక్కడే. మర్యాద జేస్తే దానికి భయమైతది. పక్కన కూసొని, నిమ్మలంగ, జోలపాట లెక్క, నేను సెప్పే మాటలు అనుకుంట పిండాలె.” రెండో సగం ఇక్కడ రాయలేను. నేను పుట్టి పెరిగిన గల్లీల్లో కూడా అందులో రెండు వినలేదు.

ఇన్నేళ్లూ ఈ ముక్క పేజీలో ఎందుకు రాయలేదని ఫోన్ చేసి అడిగాను.

“తిట్లు రాయద్దని బోర్డు పెట్టినవ్ గద.”

“మల్ల ఇప్పుడు రాసినవ్?”

“ఇప్పుడు నేను బర్రెల్ల కలిసిన. బర్రెకు గూడ రూల్ పెడ్తవా ఏంది?”

వేదిక నడిపేవాళ్లకు నియమాల పుస్తకం ఉంటుంది, ఉండాలి కూడా. నేను రాసినవాటిలో తిట్ల గురించినదే అన్నిటికంటే పొడవైన నియమం. దాన్ని ఒకసారి పూర్తిగా చదువుకుని, పోస్ట్ ఒక్క అక్షరం మార్చకుండా వదిలాను. నర్సింగరావుకు ఫోన్ చేసి, వెంటనే చదవమని, ఇంట్లో అందరూ వినేటట్టు మాత్రం చదవొద్దని చెప్పాను. అది శుక్రవారం.

శనివారం పొద్దున టీ తాగుతూ తబేలా తెరిచాను. అన్నిటికంటే పైన బిజిలీ పేజీ ఉంది. కొత్త పోస్ట్ ఒకటే:

“చేపిన. బకెట్ నిండ చేపిన. డ్రైవర్ సాబ్‌కు సత్తెమ్మ కంటే ఎక్కువ తిట్లొచ్చు. నేను ఈడనే ఉంట.”